ఫ్లెక్సీ ఎక్కిన మద్దిలేటి

పదిన్నరకు పేరు పెట్టడం, పన్నెండుకు భోజనాలు, రెండుకల్లా షామియానా విప్పేయడం. ఆ ఉదయం నాగరాజ్ అనుకున్నది అంతే. కొడుకు పేరు ఆర్విక్ అని నెల కిందటే తేల్చేశారు. అతని భార్య మహేశ్వరి మాత్రం ఆ నెలంతా ఇంకో పేరును గొంతులోనే మింగుతూ తిరిగింది. నిరుడు పోయిన తండ్రి పేరు, మద్దిలేటి.

"మద్దిలేటి సామంటే దేవుడే గదత్తా," అని ఒకసారి అడిగి చూసింది.

"సామి గొప్పోడేలేమ్మా. ఆ పేరున్నోళ్ళే బోరు మోటార్లు ఇప్పుకుంటా ఉండిపోయినారు," అంది అత్త లక్ష్మక్క. మద్దిలేటి మోటార్ల మెకానిక్కు.

"శానా పాత పేరు. బళ్ళో మద్దిగా అని పిలుస్తారు," అన్నాడు నాగరాజ్. అందరి నోళ్ళ కోసం ఆమె తన నోరు మూసుకుంది.

ముందురోజు ఫ్లెక్సీ కోసం మహేశ్వరి కోడుమూరులో షాపున్న జయకుమార్‌కు ఫోన్ చేసినప్పుడు అతను "పేరేమక్కా?" అన్నాడు. తననే అడిగాడనుకుని ఆమె "మద్దిలేటి కూతుర్ని" అంది. పిల్లవాడి పేరు అడిగిన జయకుమార్‌కు మొదటి మాట వినబడగానే లైను తెగింది. కంప్యూటర్లో వెతికితే ఆ పేరు మీద నిరుడు దినాలకు వేసిన ఫోటో దొరికింది. దొరికింది కదా అని వాడేశాడు.

తెల్లారేసరికి ఊరి మలుపులో నిలువెత్తు మీసాల మద్దిలేటి నవ్వుతున్నాడు. నామకరణమని రాసింది కాళ్ళ దగ్గర చిన్న అక్షరాల్లో. భోజనాలన్నది మాత్రం పెద్దగానే ఉంది.

తొమ్మిదికి రైతు గోపన్న బంతిపూల దండతో వచ్చాడు. "మద్దిలేటి పోయి ఏడాది అప్పుడే అయిపాయనామ్మా?" అంటూ కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. వెనకాలే మరో ఇరవైమంది, దండలతో.

"పేరు పెట్టే ఇంటికి ఈ దండలేందప్పా?" అని లక్ష్మక్క తల పట్టుకుంది. నాగరాజ్ ఫ్లెక్సీ విప్పడానికి పరుగెత్తాడు. అక్కడ అప్పటికే ఎవరో కొబ్బరికాయ కొడుతున్నారు.

వచ్చినవాళ్ళు కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళు ఊరుకోలేదు. "శెనక్కాయ ఎండిపోతాండాదంటే జరంలోనే వచ్చి మోటారెత్తినాడు మద్దిలేటి," అన్నాడు గోపన్న. మద్దిలేటి ఇట్లన్నాడు, మద్దిలేటి అట్ల నవ్వేవాడు. లోపల బిడ్డను ఒళ్ళో పెట్టుకుని మహేశ్వరి గోడకు చెవి ఆనించింది. ఏడాదిగా ఆ పేరు పెట్టి మాట్లాడినవాళ్ళే లేరు. పిలిస్తే పలికేంత దగ్గరలో నాయన ఉన్నట్టుంది. ముహూర్తం దాటిపోతే బాగుండనిపించింది.

దాటలేదు. "నాయనమ్మ మూడుసార్లు బిడ్డ చెవిలో పేరు చెప్పాల," అన్నాడు అయ్యవారు. గంటన్నరగా ఒకటే పేరు విని విని ఉన్న లక్ష్మక్క వంగి, అందరికీ వినబడేలా, "మద్దిలేటి, మద్దిలేటి, మద్దిలేటి," అంది.

లక్ష్మక్క నాలుక కరుచుకుంది.

"నోరు జారింది సామీ. మళ్ళా చెప్తా."

"చెవిలో పడింది తీసేదెట్లమ్మా?" అన్నాడు అయ్యవారు.

మహేశ్వరి అత్త వైపు చూసింది. లక్ష్మక్క ఆ చూపు తప్పించుకుని, "మా బోరు కూడా ఆయప్పే గదా బాగుజేసింది," అని గొణిగి, మనవడి నుదుటి మీద చెయ్యి వేసింది. మహేశ్వరికి అప్పుడు ఏడుపొచ్చింది. పొద్దుటినుంచి ఆపుకున్నదంతా.

సాయంత్రం నాగరాజ్ బెంగుళూరులో తను పనిచేసే కంపెనీ మేనేజరుకు ఫోన్ చేసి కొడుకు పేరు నాలుగుసార్లు చెప్పాడు. ఆ ఊరెక్కడ, ఏ జిల్లా అని ఆయన అడిగాడు.