డిజైన్ ఒకటి వద్దు

ఆ ఉదయం సారిక పెట్టుకున్నది ఒక్కటే పని. ఎలుకలో ఒక జన్యువును కోసి పనిచేయకుండా చేయడానికి, కోత ఎక్కడ పడాలో చూపే గైడ్ ఆర్ఎన్ఏ డిజైన్లు రెండున్నాయి. వాటిలో ఒకటి ఎంచి, పన్నెండింటిలోగా హైదరాబాద్‌లో తన ప్రాజెక్టు చూసే మేడమ్‌కు పంపాలి. ఎంపిక తప్పితే ఏడాది చదువు గోదాట్లో కలిసినట్టే.

తండ్రి యోనా ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో ముప్పై ఏళ్లుగా రాళ్లు పేల్చే బ్లాస్టింగ్ పనిలో ఉన్నాడు. డ్యూటీకి పోబోతూ, "నాకు సుత అర్థమయ్యేటట్టు చెప్పు బిడ్డా" అన్నాడు. ఆమె చర్చి క్యాలెండర్ వెనక పెద్దక్షరాలతో రాసి గోడకు తగిలించింది: 'డిజైన్ 1: కోత బలం 82, పొరపాటున తెగే చోట్లు 4. డిజైన్ 2: బలం 61, పొరపాటున తెగే చోట్లు 0.'

బలం చూసి ఒకటో దానికే మొగ్గి, సారిక స్నానానికి వెళ్లింది. పక్కింటి బుచ్చన్న పేపర్ కోసం వచ్చి గోడ చూశాడు. ఓపెన్‌కాస్టు పెరిగి తమ క్వార్టర్ల దాకా వస్తుందని, ఇళ్లు ఖాళీ చేయిస్తారని రెండేళ్లుగా బజార్లో మాట నలుగుతోంది. పైగా ఇది బ్లాస్టింగ్ మనిషి ఇల్లు. అడిగితే అబద్ధం చెప్తారని అతను అడగలేదు; నేరుగా వెళ్లి క్వార్టర్ల లైనంతటికీ చెప్పాడు.

సారిక తల తుడుచుకుంటూ వచ్చేసరికి వాకిట్లో నలభై మంది. ఎదురింటి మల్లక్క అప్పటికే టీవీ ఆటో ఎక్కించింది.

"ఆ నాలుగు చోట్లు ఏవేవి?" అన్నాడు బుచ్చన్న. "అండ్ల మా లైను ఉన్నదా?"

"కాకా, అవి ఎలుక ఒంట్ల చోట్లు."

"ఎలుక పేరు చెప్పి మమ్ముల లేపుతరా?" అంది మల్లక్క. "బలం తక్కువైతే ఇంకోపారి కొట్టుకోన్రి. పక్కోళ్ల ఇల్లు పలిగినంక ఎవరు అతుకుతరు బిడ్డా?"

సారిక గోడ మీది అంకెలు మళ్లీ చూసింది. నిజమే, మరో నాలుగు చోట్ల తెగిన ఎలుకకు జబ్బు చేస్తే, అది ఏ కోత పుణ్యమో చెప్పేదెవరు? ఇంత చిన్న సంగతి తనకు తట్టనందుకు సిగ్గేసింది. పన్నెండుకు రెండు నిమిషాల ముందు రెండో డిజైన్ పంపింది.

'సరైన ఎంపిక. ఎవరితో చర్చించావు?' అని మేడమ్ జవాబు. బుచ్చన్న అప్పుడే చేతిలో పెట్టిన 'డిజైన్ ఒకటి వద్దు' వినతిపత్రాన్ని, నలభై మూడు సంతకాలతో సహా, ఫొటో తీసి పంపింది సారిక.

ఒకటో డిజైన్ రద్దయిందని తెలిసి బుచ్చన్న లైనంతా మిఠాయి పంచాడు. ఎక్కడ రద్దయిందని ఎవరూ అడగలేదు.