పెద్దాయన దగ్గు

పరుపుల వ్యాపారి ఆ ఉదయం పెట్టుకున్న పని చిన్నదే. తండ్రి పోయి నెలలు గడిచినా కొట్టు, ఇల్లు, కరెంటు మీటరు ఇంకా ఆయన పేరు మీదే ఉన్నాయి. తేలికైన సరుకుతో బోణీ చేద్దామని, ముందుగా కుక్కను తన పేరు మీద రాయించుకోదలిచాడు.

ఓ పెంపుడు కుక్క ఎవరి పిక్కో పట్టుకున్నప్పటి నుంచి ఊళ్లో కొత్త నిబంధన నడుస్తోంది. ప్రతి కుక్కా యజమాని మాట విని, కొత్త మనిషి ఎదుట కదలకుండా కూర్చోవాలి. కూర్చుంటే లైసెన్సు. లేకపోతే బండెక్కించి ఊరవతల షెడ్డుకు తీసుకుపోతారు. అక్కడి నుంచి తిరిగొచ్చిన కుక్కను ఎవరూ చూడలేదు.

"అది పోతే మన గేటు దగ్గర దాని చోట నేను కూర్చుంటానురా," అంది తల్లి. అన్నంత పనీ చేసే మనిషి.

చిక్కల్లా ఒక్కటే. ఆ నల్లకుక్కను సాకింది ఆ పోయిన పెద్దాయన. జీవితమంతా దూది ధూళి మింగిన గొంతు కనుక మాటలు పొదుపుగా వాడేవాడు. ఒకసారి దగ్గితే కుక్క వచ్చేది, రెండుసార్లు దగ్గితే కూర్చునేది. 'కూర్చో' అన్న మాట దాని చెవిన ఎన్నడూ పడలేదు.

"దగ్గేగా. నాకు మాత్రం రాదా," అనుకుని వ్యాపారి పెరట్లో నిలబడి సాధన మొదలుపెట్టాడు.

కాసేపటికి దగ్గు అచ్చుగుద్దినట్టు కుదిరింది. కుక్క చెవులు నిక్కబొడుచుకుంది కానీ కూర్చోలేదు. తాళం వేసి ఉన్న పెద్దాయన గది వైపు చూసింది. మేడ మీది నుంచి "వస్తున్నానండీ" అన్న తల్లి గొంతు, సగంలో తెగిపోయింది. వంటింట్లో రేడియో ఆగింది. భార్య వేడినీళ్ల గ్లాసుతో ఆ గది గుమ్మం దాకా పరుగున వెళ్లి నిలబడిపోయింది.

"ఇది ఎవరికి తెచ్చానండీ?" అంది నెమ్మదిగా.

"నాకే. ఇటివ్వు."

"మీకు నేనెప్పుడు తెచ్చాను?"

కొట్లో కబుర్లాడుతున్న పనివాళ్లు కిక్కురుమనకుండా దూది ఏకసాగారు. ఏనాడో అరువు పట్టుకెళ్లిన నిచ్చెనను పక్కింటాయన మోసుకొచ్చాడు. "మీ నాన్నగారు పిలిచినట్టుంటేనూ..." అన్నాడు. అన్న మాట తనకే వినపడి, నిచ్చెన అక్కడే వదిలేసి వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

వ్యాపారి లోలోపల లెక్క వేశాడు. అరువు గొంతుకే ఇంత రాబడి ఉంటే ఇక వదలడమెందుకు? దగ్గాడు, మళ్లీ దగ్గాడు. కుక్క పరీక్షకు ఇన్‌స్పెక్టరు వచ్చి గేటు తీసే వేళకు, ఉన్న సొంత గొంతు కాస్తా పోయింది.

"యజమాని ఎవరండీ?"

"నేనే," అన్నాడు వ్యాపారి. చిరిగిన దిండు నొక్కినట్టు గాలి వచ్చింది.

"కూర్చోబెట్టండి."

మళ్లీ గాలే. కుక్క ఇన్‌స్పెక్టరు పిక్కల వైపు చూసి పళ్లు బయటపెట్టింది. వీధిలో బండి వెనక తలుపు తెరుచుకున్న చప్పుడైంది. తల్లి వచ్చి కొడుకు చొక్కా చేయి పట్టుకుంది. భార్య గ్లాసుతో పక్కనే ఉంది.

అప్పుడు పెద్దాయన గదిలోంచి దగ్గు వినిపించింది. రెండుసార్లు.

కుక్క కూర్చుంది. ఇన్‌స్పెక్టరు దాని చుట్టూ తిరిగాడు, తల నిమిరాడు. రాతిబొమ్మలా ఉండిపోయింది.

"పెంపకమంటే ఇదీ. లోపలున్నది ఎవరు?"

"మా ఆయన," అంది తల్లి, బజారుకెళ్లిన మనిషి సంగతి చెప్పినట్టు.

"మరి మీరు యజమానినంటారేంటండీ? కుక్క ఎవరి మాట వింటే వాళ్లే యజమాని. రూలు అది."

వ్యాపారి నోరు తెరిచాడు. నిజం చెబితే కుక్క బండెక్కుతుంది, తల్లి గేటెక్కుతుంది. బేరం గిట్టదని తేలి నోరు మూసుకున్నాడు.

లైసెన్సు పెద్దాయన పేరు మీద రాసి చేతికిస్తూ ఇన్‌స్పెక్టరు, "ఏటా పరీక్ష ఉంటుంది. వచ్చేసారి పెద్దాయన్నే బయటికి రమ్మనండి. ఆ దగ్గు మంచిది కాదు, డాక్టరుకి చూపించండి," అని చెప్పి వెళ్లాడు.

వ్యాపారి నడుము తడుముకున్నాడు. ఆ గది తాళంచెవి మొలలోనే ఉంది. తీసే ధైర్యం మాత్రం లేదు. భార్య వేడినీళ్ల గ్లాసును ఆ గుమ్మం ముందు పెట్టి, చప్పుడు కాకుండా వంటింట్లోకి వెళ్లింది.

పోయిన తర్వాత కూడా ఆస్తి పెంచుకోవడం పెద్దాయనకే చెల్లింది.