స్పౌజ్ కోటా

"ఇకమీదట ప్రజారోగ్య బీమా కార్డున్న ఏ రోగీ మంచం దిగనక్కర్లేదు. ఆసుపత్రే మంచం ఎక్కుతుంది!" అని ఆరోగ్యశాఖ మంత్రిగారు గంభీరంగా ప్రకటించారు. మాట కాస్త తేడాగా పడిందని కార్యదర్శి ఆయన చెవిలో చెప్పేలోపే చప్పట్లు మోగిపోయాయి. పథకానికి 'మంచం దగ్గరికే నర్సమ్మ' అని పేరు పెట్టారు.

టీవీలో ఆ మాట విన్న డ్రైవర్ గారి భార్యకు ప్రాణం లేచొచ్చింది. రిటైరైన బస్సు డ్రైవరు గారు తుంటి విరిగి నాలుగు నెలలుగా మంచంలోనే ఉన్నారు. ఆయన ఆరడుగుల మనిషి. ఆవిడ ఆయన భుజం దాకా కూడా రాదు. వీపు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని డాక్టరు చెప్పాడు. ఒక్కతే తిప్పీ తిప్పీ ఆవిడ నడుము పడిపోయింది. అవతలి పక్కనుంచి పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. ఆవిడ కోరికల్లా అదొక్కటే.

మూడో రోజుకే పథకం అధికారి ట్యాబ్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అంత చురుకైన అధికారి ఇంకే శాఖలోనూ దొరకడు.

"ప్రస్తుతం పేషెంటుని ఎవరు చూసుకుంటున్నారమ్మా?"

"నేనే బాబూ."

"ఎక్స్‌పీరియన్స్?"

"పెళ్లయి నలభై రెండేళ్లు."

అధికారి కళ్లు మెరిశాయి. అంత అనుభవమున్న నర్సు పెద్దాసుపత్రిలోనే లేదు. అక్కడికక్కడే ఫొటో తీసి, ఆవిడ మెడలో బ్యాడ్జీ వేశాడు.

"నేను నర్సునేంటి బాబూ? నర్సు వస్తుందన్నారు కదా!"

"వచ్చేసింది కదమ్మా! హండ్రెడ్ పర్సెంట్ కవరేజ్!"

ఆ పద్ధతిలో వారం తిరక్కుండానే ఊళ్లో నర్సు లేని మంచమంటూ లేకుండా పోయింది. ఇంతలో ఎవరో గిట్టనివాళ్లు అభ్యంతరం లేవదీశారు. సొంతవాళ్లకే సేవ చేయడం బంధుప్రీతి కిందికి వస్తుందట. మచ్చలేని ప్రభుత్వం ఊరుకుంటుందా? నర్సులందర్నీ ఒక్క ఉత్తర్వుతో బదిలీ చేసేసింది. డ్రైవర్ గారి భార్యకు ఊరి అవతల మంచంలో ఉన్న పోస్టుమాస్టరు గారి ఇల్లు పడింది. ఆయన భార్యకు ఈ ఇల్లు పడింది.

రోజూ పొద్దున్నే ఇద్దరూ బస్టాపులో ఎదురుపడేవాళ్లు.

"మా ఆయన కుడికాలు కింద దిండు పెట్టడం మర్చిపోకు వదినా."

"అలాగేలే. మా ఆయన మాత్ర మింగినట్టే మింగి దవడలో దాచేస్తాడు. నోరు తెరిపించి చూడు."

డ్రైవర్ గారు మాత్రం మహా కులాసాగా ఉన్నారు. కొండదారిలో బ్రేకులు ఫెయిలైన ఆయన కథను ఇన్నేళ్లకు ఒక మనిషి చివరిదాకా వింది. కానీ పోస్టుమాస్టరు గారి భార్యా బక్కమనిషే. ఆయన్ని తిప్పలేక సగంలో వదిలేసేది. ఓ సాయంత్రం ఇంటికొచ్చిన డ్రైవర్ గారి భార్యకు ఆయన వీపు మీద ఎర్రగా కందిన మచ్చ కనిపించింది. వంటింట్లోకి వెళ్లి కాసేపు ఏడ్చేసి, మర్నాడు తిన్నగా పథకం ఆఫీసుకు వెళ్లింది.

"బాబూ, నన్ను మా ఇంటికే వేసెయ్యండి."

"రూల్స్ ఒప్పుకోవమ్మా. స్పౌజ్ కోటాలో అయితే చెయ్యగలం. మీవారు ఎక్కడ పనిచేస్తున్నారు?"

"పనేంటి నాయనా? మంచంలో ఉన్నారు."

"ఉంటే చాలదు, పనిచెయ్యాలి. భర్త ఎక్కడ డ్యూటీ చేస్తుంటే భార్యని అక్కడికి వేస్తాం."

ఆవిడ మొహం చూసి ఆ కరుణామయుడి మనసు కరిగిపోయింది. చకచకా టైపు చేశాడు. పావుగంటలో డ్రైవర్ గారు కూడా నర్సయిపోయారు. పోస్టింగు ఆయన మంచం దగ్గరే. ఎవరికి వారు బంధువు కారు కాబట్టి, బంధుప్రీతి అడ్డురాలేదు. స్పౌజ్ కోటాలో ఆవిడ ఇంటికి వచ్చేసింది.

కబురు పాకి, బదిలీ అయిన భార్యలూ భర్తలూ అందరూ ఆఫీసు ముందు బారులు తీరారు. నెలాఖరుకి మంత్రిగారే కెమెరాలతో డ్రైవర్ గారి ఇంటికి వేంచేసి, ఆయన గుండెల మీద బొకే పెట్టారు.

"పేషెంటుకి ఒక్క నర్సుని ఇస్తామన్నాం. ఇద్దర్ని ఇచ్చాం!"

జనం గోలగోలగా చప్పట్లు కొట్టారు. డ్రైవర్ గారి భార్య వాళ్లను తోసుకుంటూ ముందుకొచ్చింది.

"అయ్యా, ఈయన్ని తిప్పే వేళయింది. ఆ రెండో నర్సు ఎక్కడున్నారో కాస్త పిలవండి."

అధికారి వినయంగా మంచం వైపు చెయ్యి చూపించాడు. అప్పటిదాకా నవ్వుతూ ఫొటోలు దిగుతున్న డ్రైవర్ గారు బొకే పక్కన పెట్టారు.

"బాబూ, నాకు ఒంట్లో బాగాలేదు. సెలవిప్పించండి."

అధికారి నొచ్చుకున్నాడు.

"మీరు సెలవు పెడితే పేషెంటుని అవతలి పక్క ఎవరు పట్టుకుంటారు సార్?"