నిండు ట్యాంకు తొణకదు

పాఠకులారా! వాడని డీజిలే అసలైన డీజిల్. నవ్వకండి, నేను సీరియస్‌గానే చెబుతున్నాను.

మా బావగారు సైన్యానికి సరుకులు పంపే డిపోలో జనరేటర్ మెకానిక్. అక్కడ కరెంటు పోతే ఫ్యాన్లు ఆగినా ఫరవాలేదు గానీ కోల్డ్ రూమ్ ఆగకూడదు. సరిహద్దు శిబిరాలకు వెళ్లే మందులుండేది అందులోనే. అందుకే ఒక జనరేటర్, దానికి అయిదు వేల లీటర్ల అత్యవసర డీజిల్ ట్యాంకు.

ట్యాంకు ఎప్పుడూ నిండుగా ఉండాలని రూలు. వారానికోసారి జనరేటర్ నడిపి చూడాలని ఇంకో రూలు. నడిపితే గేజి ముల్లు దిగుతుంది. దిగితే తనిఖీలో మాట పడాలి. తెలివైన అధికారి ఏం చేస్తారు? నడపకుండానే "నడిపాం, బాగుంది" అని రిజిస్టర్‌లో రాయిస్తారు. అలా నాలుగేళ్లు! ఒక్క చుక్క వృథా కాలేదు. ఇంత పొదుపు మీ ఇంట్లో ఎవరైనా చేశారా?

అడుగున నీళ్లూ జిగురూ చేరాయని బావగారు మొత్తుకున్నారు.

"సార్, ఇది పాడైపోయింది. తీసేసి కొత్తది పోయిద్దాం."

"తీస్తే ఖాళీ అవుతుంది కదయ్యా! నిండుగా ఉందా లేదా, అది చెప్పు."

"నిండుగానే ఉంది సార్, కానీ..."

"మరింకేం!"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. పైగా ట్యాంకుకు కొత్త రంగు కూడా వేయించారు. తనిఖీకి వచ్చిన పెద్దలు ముల్లు చూసి, రంగు చూసి, టీ తాగి, మెచ్చుకుని వెళ్లారు.

పోయిన వేసవిలో గాలివానకు రెండు రోజులు కరెంటు పోయింది. జనరేటర్ నాలుగుసార్లు దగ్గి ఊరుకుంది. మందులన్నీ వెచ్చబడి పాడయ్యాయి. ఆ వారమే శిబిరంలో సిపాయిగా ఉన్న మా తమ్ముణ్ణి పాము కరిచింది. డిపో నుంచి రావలసిన విరుగుడు ఇంజెక్షన్ రాలేదు. ఇంకెక్కడి నుంచో తెప్పించేసరికి ఆలస్యమైంది. ప్రాణం దక్కింది గానీ మోకాలి కింద కాలు దక్కలేదు.

విచారణ జరిగింది. ట్యాంకు కొలిచారు. ఆరు లీటర్లు తక్కువ, అంతే! అధికారి గారికి ప్రశంసాపత్రం. స్టార్ట్ చేయబోయి ఆ ఆరు లీటర్లు తగలేసినందుకు మా బావగారికి మెమో. ఇంతకంటే న్యాయం ఎక్కడుంది చెప్పండి!

ఆసుపత్రిలో తమ్ముడు అడిగాడు.

"విచారణలో ఏం తేలింది అన్నయ్యా?"

"ట్యాంకు కొలిచారు, అంతా సరిగ్గానే ఉందని తేలిందిరా." ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గేసింది.

వాడు దుప్పటి పక్కకు తీశాడు.

"అయితే ఒకసారి ఇటు కూడా వచ్చి కొలుచుకుని వెళ్లమను."