పదిహేను రోజులు నస బంద్

గూడ్సు బండి డ్రైవరు మల్లేశ్వరరావు ఆ సోమవారం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి శంకర్ నగర్‌లో డాక్టరు తివారీకి రక్తపోటు చూపించుకోవాలి, తొమ్మిదిన్నరకి ఇంటికొచ్చి ఉప్మా తినాలి. వచ్చే నెలలో రైల్వేవాళ్ల వైద్య పరీక్ష ఉంది. ఆలోగా పోటు దిగకపోతే ఇంజను దింపేసి షెడ్డులో కూర్చోబెడతారు. ఇరవై రెండేళ్లు ఇంజను తోలినవాడికి షెడ్డులో కుర్చీ అంటే ప్రాణం పోయినంత పని. ఇది తొంభై ఆరులో మాట. ఆయన వాల్తేరు నుంచి రాయ్‌పూర్‌కి బదిలీ అయ్యి ఏడాది కావస్తోంది. డాక్టరు దగ్గరికి తోడు బయలుదేరిన తల్లి సూరమ్మ శ్రీకాకుళం నుంచి వచ్చి మాత్రం నెలైనా కాలేదు. ఆవిడ హిందీ కూరగాయల బేరం దాటదు.

తివారీ ఓపికమంతుడు. ఇన్సులిన్ పని ఒంట్లో చక్కెర సర్దడం ఒక్కటే కాదని, రక్తనాళాల్ని కాస్త వదులు కమ్మని చెప్పేది కూడా అదేనని హిందీలో వివరించాడు. మల్లేశ్వరరావు ఒంట్లో ఇన్సులిన్ కావలసినంత ఉంది, దాని మాట వినే నాథుడే లేడు. నాళాలు బిగుసుకు కూర్చుంటే పోటు పెరగక ఏం చేస్తుంది. తీపి మానాలి, నడవాలి, మాత్ర తప్పకూడదు. చివరికి బల్ల మీద కొట్టి, "సారీ గడ్‌బడ్ నస్ కీ హై. నస్ ఢీలీ నహీ హోతీ," అన్నాడు.

హిందీలో నస్ అంటే రక్తనాళం. అది మల్లేశ్వరరావుకి తెలుసు. సూరమ్మకి తెలిసింది తెలుగు నస ఒక్కటే, కోడలు సుభద్ర రోజూ ఆవిడ కొడుక్కి పెట్టేది. ఆవిడ నిర్ఘాంతపోయింది. పరాయి భాషవాడు, కోడలి మొహమైనా చూడనివాడు, ఎలా కనిపెట్టాడు?

కొడుకు మందుల షాపు దగ్గర దిగిపోయాడు. సూరమ్మ రిక్షాలో ముందే ఇల్లు చేరింది.

"ఏటన్నాడత్తా డాక్టరు?" అంది సుభద్ర.

"నానేటి సెప్పనే. గొడవంతా నస వల్లేనట. బల్ల గుద్ది మరీ సెప్పినాడు."

"నసా?"

"నసే. అది తగ్గకపోతే మనిసికి డేంజరు."

"నా పేరెత్తినాడా?"

"పేరెత్తలేదు. పెద్దమనిసి గదా."

సుభద్ర చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. తీపి తినకు, మాత్ర వేసుకో, రెండడుగులు నడువు అని పదహారేళ్లుగా తను అన్నవన్నీ మొగుడి ప్రాణానికే ముప్పయ్యాయా అని ఆవిడకి ఏడుపొచ్చింది. దేవుడి పటం ముందు నిలబడి, పదిహేను రోజులు ఆయన్ని ఒక్క మాట అననని మొక్కుకుంది.

మూడోనాడు తల్లి నోటే మల్లేశ్వరరావుకి సంగతంతా తెలిసింది. నస్ అంటే వేరని ఒక్క ముక్క చెబితే పోయేది. కానీ అప్పటికే ప్రశాంతత రుచి మరిగాడు. రేపు చెబుదాంలే అనుకున్నాడు. జిలేబీ పొట్లం ఇంట్లోకొచ్చింది, సుభద్ర పెదవి కొరుక్కుంది. మాత్ర మరిచాడు, ఆవిడ గోడకేసి చూసింది. పక్క పేట మోవా దాకా నడుస్తానని బయలుదేరి వీధి చివర టీ కొట్టు దగ్గర ఆగిపోయాడు. ఆ రేపు రోజూ వస్తూనే ఉంది.

పదిహేనో రోజున ముగ్గురూ తివారీ దగ్గరికి వెళ్లారు. ఆయన పట్టీ కట్టి, గాలి కొట్టి, పాదరసం చూసి కళ్లజోడు తీసేశాడు. మొన్నటి నూట అరవై కాస్తా నూట తొంభై అయింది.

"పంద్రా దిన్ మే హువా క్యా?" పదిహేను రోజుల్లో ఏమైందని అడిగాడు.

సుభద్ర ముందుకొచ్చింది. నోరు కట్టుకుంటే పెరగడమేమిటి? మొగుడు సైగ చేస్తున్నా ఆగకుండా బజారు హిందీ అంతా కూడగట్టుకుంది. "డాక్టర్ సాబ్, పంద్రా దిన్ సే నస బంద్ హై. పూరా బంద్."

తివారీ కుర్చీలోంచి లేచిపోయాడు. నాళం మూసుకుపోయి పదిహేను రోజులైన మనిషి ఎదురుగా కూర్చుని తేన్చుతున్నాడు. మరుక్షణం మల్లేశ్వరరావు బల్ల మీద ఉన్నాడు, చొక్కా లేకుండా, ఛాతీ నిండా తీగలతో.

"సాబ్, సునియే..."

"చుప్. హిలో మత్," కదలొద్దన్నాడు తివారీ.

వరండాలోంచి అది చూసి సూరమ్మ గొల్లుమంది. ఆ గోలకి రోగుల్లో ఎవరో లోకో షెడ్డుకి ఫోను చేశారు. ఇంకా తీగలు విప్పకముందే లోకో ఇన్‌స్పెక్టరు వెంకటరత్నం వచ్చేశాడు. ఈ పోటు సంగతి ఎవరికి తెలియకూడదో సరిగ్గా ఆ మనిషి.

కాంపౌండరు సూది తీయడంతో మల్లేశ్వరరావు ఇక దాచలేకపోయాడు. మా భాషలో నస అంటే ఇదీ అని అటు హిందీలో, ఇటు తెలుగులో ఒప్పేసుకున్నాడు.

"ఇదంతా నీకు ముందే ఎరికేటి?" అంది సుభద్ర.

"మూడో రోజే."

ఆవిడ మొహం కందగడ్డయింది, గోడ పట్టుకుని జారి కూర్చుంది. తివారీ పరుగున వచ్చి అదే పట్టీ ఆవిడ చేతికి కట్టాడు. రెండు వందల పది. మళ్లీ గాలి కొట్టి చూసినా అంతే. మర్నాడు రక్తపరీక్ష కాగితం కూడా వచ్చింది, అక్షరాలా మొగుడి కాగితంలాగే. పదహారేళ్లుగా ఆయన ఒళ్లు చూసుకోవడమే సరిపోయి ఆవిడ తన ఒళ్లు ఎవరికీ చూపించుకోలేదు. అది విన్నాక మల్లేశ్వరరావు ఆవిడ మొహం చూడలేకపోయాడు.

"పరీక్ష దాకా నువ్వు బండెక్కొద్దు. ఇంట్లో ఉండి ఆవిణ్ణి చూసుకో," అన్నాడు వెంకటరత్నం.

చూసుకున్నాడు. మాత్ర వేసుకున్నావా, ఆ బెల్లం ముక్క ఎక్కడిది, లే, నడకకి వెళ్దాం అంటూ పొద్దున్న లేచింది మొదలు ఆవిడ వెనకే తిరిగాడు. వినలేక సూరమ్మ ఊరికి టిక్కెట్టు తీయించుకుంది. నెల తిరిగేసరికి సుభద్ర పోటు దిగింది. పరీక్షలో మల్లేశ్వరరావుది కూడా దిగింది, పొద్దస్తమానం మాట్లాడేవాడికి జిలేబీ తినడానికి నోరు ఖాళీ దొరకదు గనక.