మూడు స్నానాల ఇంటర్నెట్

కార్తీక సోమవారం నాడు బందరులో పిచ్చేశ్వరరావు వేసుకున్న పథకం చాలా తేలిక. తొమ్మిదిన్నరకల్లా పూజ ముగించాలి. పదింటికి కూతురు లహరి కంప్యూటర్ ముందు కూర్చుని హైదరాబాదు కంపెనీకి ఇంటర్వ్యూ ఇస్తుంటే తలుపు చాటున నిలబడి వినాలి. చదువైపోయిన ఏడాదికి వచ్చిన మొదటి పిలుపది. దానికోసమే ఇంటికి ఫైబర్ నెట్ పెట్టించాడు.

అయ్యప్ప మాలలో ఉన్నాడు కనుక చన్నీళ్ల స్నానం చేసి, తడిసిన నల్లపంచె ఇంట్లోవాళ్ల బట్టలతో కలవకుండా మేడ మీద విడిగా ఆరేసి, పీట మీద కూర్చున్నాడో లేదో లోపల్నించి కేక.

"నాన్నా, నెట్ వస్తోంది, పోతోంది!"

పదిరోజులుగా పొద్దునా సాయంత్రం ఇదే తంతు. మధ్యాహ్నం నెట్ కనెక్షన్ ఇచ్చిన ఏసుబాబు వచ్చి చూస్తే శుభ్రంగా ఉంటుంది. పిచ్చేశ్వరరావు ఫోన్ అందుకున్నాడు. మాలలో కోపం కూడదు, అదొక్కటే ఏసుబాబు అదృష్టం.

"ఏసుబాబు స్వామీ, మీ నెట్టు మా పిల్ల నోటికాడ కూడు లాగేస్తోంది స్వామీ!" అన్నాడు పళ్లు కొరుకుతూ.

"నెట్ పెట్టె ఆపి మళ్లీ వెయ్యండి గురువుగారూ. ఈలోగా వచ్చేస్తాను."

ఆపి వేశారు. కంప్యూటరూ ఆపి మళ్లీ వేశారు. కరెంటు చాలడం లేదేమోనని పిచ్చేశ్వరరావు ఫ్రిజ్ ఆపాడు, మిక్సీ ఆపాడు. భార్య సత్యవతి పచ్చడి సగం నలిగి ఊరుకుంది. నెట్ మాత్రం మారలేదు.

పూజలోనే ఏదో లోపం జరిగిందని ఆయనకు నమ్మకం కుదిరింది. మళ్లీ నెత్తిన నాలుగు చెంబులు గుమ్మరించుకుని, ఆ పంచె కూడా మేడ మీద వేసి వచ్చాడు. అప్పటిదాకా అయిదు నిమిషాలు నిలిచే నెట్ ఇప్పుడు నిమిషమైనా నిలవలేదు. భక్తి చాల్లేదనుకుని మూడోసారి పోసుకున్నాడు. ఈసారి పూర్తిగా పోయింది. లహరి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంక చాలు స్వామీ, జలుబు చేస్తుంది," అంది సత్యవతి.

పది నిమిషాలు తక్కువ పదికి ఏసుబాబు వచ్చాడు. "స్తంభం దాకా తీగలో వెలుతురు బాగానే వస్తోందండి. లోపం మీ ఇంట్లోనే," అంటూ తీగ వెంట మేడెక్కాడు. కాసేపటికి పైనుంచి పిలుపు వచ్చింది. "గురువుగారూ, ఒక్కసారి పైకి రండి."

నల్లతీగ మీద మూడు నల్లపంచెలు నీళ్లు కారుతున్నాయి. బరువుకి తీగ మధ్యలో వంగి వేలాడుతోంది.

"లోపలుండేది గాజుపోగండి. ఇలా మడతపడితే వెలుతురు ముందుకి పోదు. మధ్యాహ్నానికి ఆరి తేలికైపోతాయి, అందుకే నాకు లోపం కనపడలేదు. దీక్ష బట్టలు కదా, నేను ముట్టుకోలేదు. మీరే తియ్యండి."

"దండెం నిండా మాత చీరలే. ఈ తీగకి ఎవరి బట్టా తగల్లేదు గదా అని..." నసుగుతూనే పిచ్చేశ్వరరావు పంచెలందుకున్నాడు.

పంచెలు లాగగానే నెట్ పరుగెత్తింది. సరిగ్గా పది. తడిపంచెలు చేతిలో పట్టుకునే ఆయన తలుపు చాటుకి చేరాడు. అది నెట్‌వర్కు లోపాలు సరిచేసే కంపెనీ. "రోజూ ఒకే వేళకి వచ్చి, దానంతటదే పోయే లోపాన్ని ఎలా పట్టుకుంటారు?" అని అడిగారు. మేడ మీది మాటలన్నీ విన్న లహరి ఈ పొద్దుటి కథంతా పూసగుచ్చినట్టు చెప్పింది. కంప్యూటర్లోంచి నవ్వులు. తలుపు చాటున పిచ్చేశ్వరరావుకి సిగ్గూ సంతోషమూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

మూడోరోజు ఉద్యోగం ఖాయమైంది. అంతా తన దీక్షాఫలమేనని ఆయన వీధి వీధంతా చెప్పుకొచ్చాడు, పంచెలు ఎక్కడ ఆరేశాడో తప్ప.