మర్చిపోయిన చుక్కలు

ఆ మంగళవారం ఉదయం టీచరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కర్టెన్లు సబ్బునీళ్ళలో నానబెట్టాలి. పదింటికి వంటింటి అలమరలోని డబ్బాలన్నీ దింపి ఎత్తు వరసలో సర్దాలి. పదకొండింటికి, ఆ రెండూ ఇంతకుముందు ఎంత అధ్వాన్నంగా ఉండేవో కోడలు నొచ్చుకోకుండా చెప్పడానికి ఒక మాట ఆలోచించుకోవాలి. ముప్ఫై రెండేళ్ళు బడిలో పాఠాలు చెప్పి, అందులో పదకొండేళ్ళు ప్రధానోపాధ్యాయురాలిగా చేసి రిటైరైన మనిషి ఆవిడ. ఏ పనైనా తన చేతిలో పడితే చక్కబడి తీరుతుందని గట్టి నమ్మకం. కొడుకింటికి వచ్చి నాలుగు రోజులే అయింది కాబట్టి ఆ ఇల్లు ఇంకా పూర్తిగా చక్కబడలేదు.

కొడుకు విశ్వవిద్యాలయంలో ఏవో ఆకారాల లెక్కలు కంప్యూటరు చేత చేయిస్తాడని మాత్రం ఆవిడకు తెలుసు. ఆ పొద్దున్న అతను గబగబా బూట్లు వేసుకుంటూ, "కంటి ఆసుపత్రిలో పనుందమ్మా, పదిన్నరకి" అని వెళ్ళిపోయాడు. ఎర్రబడి ఉన్న అతని కళ్ళు చూసి ఆవిడ ఇంకేమీ అడగలేదు.

అసలు సంగతి వేరు. కంటి ముందుండే పారదర్శకమైన పొర లోపలి అంచున తేనెపట్టు గదుల్లా కణాలుంటాయి. ఒకటి చచ్చిపోతే దాని బదులు కొత్తది పుట్టదు, పక్కవే సాగి ఆ ఖాళీని కప్పుతాయి. కాబట్టి ఏ కణం ఎంత సాగిందో కొలిస్తే కంటి ఆరోగ్యం తెలుస్తుంది. పొర ఫొటోలో ఒక్కో కణం నడుమ ఒక్కో చుక్క పెడితే చాలు, ఏ చోటు ఏ చుక్కకు దగ్గరో చూసి, సరిహద్దులు గీసి, వైశాల్యాలు కట్టే ప్రోగ్రామును అతను మూడేళ్ళుగా రాస్తున్నాడు. ఆసుపత్రి ఇచ్చిన నమూనా ఫొటోల మీద చుక్కలు పెట్టింది అతని భార్య, రెండు నెలలు కూర్చుని. ఆ చుక్కలన్నీ ఒక పెన్‌డ్రైవులో ఉన్నాయి. మొగుడూ పెళ్ళాలిద్దరూ దాన్ని "చుక్కలు" అనే అంటారు. ఆసుపత్రి పెద్ద డాక్టరు ఇప్పటికే రెండుసార్లు కాదన్నాడు. ఈ మూడోసారీ కాదంటే ప్రోగ్రాము మూటగట్టి పక్కన పెట్టడమే.

తొమ్మిదీ ఇరవైకి ఫోను మోగింది. కర్టెన్లు అప్పుడే బకెట్లో మునిగాయి.

"అమ్మా, కొంప మునిగింది. చుక్కలు మర్చిపోయాను!"

"ఏ చుక్కలు రా?"

"చుక్కలమ్మా! ఫ్రిజ్ దగ్గరే ఎక్కడో పెట్టాను. చిన్నగా, తెల్లగా, నీలం మూతతో ఉంటుంది చూడు. నీ కోడలికి చేస్తే ఫోనెత్తడం లేదు. అవి లేకపోతే పదిన్నరకి నా పని అయిపోయినట్టే. టాక్సీ ఎక్కి ఆసుపత్రి రెండో అంతస్తుకి, పెద్ద డాక్టరు గది దగ్గరికి వచ్చెయ్, నీకు పుణ్యముంటుంది."

టీచరమ్మకు పొద్దున్న చూసిన ఎర్రటి కళ్ళు గుర్తొచ్చాయి. "ఎన్నాళ్ళ నుంచి రా ఇది?"

"మూడేళ్ళ నుంచి! నీకు తెలీదా?"

"నువ్వు చెబితే కదా తెలిసేది! కన్నతల్లికి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నీకేం అర్థమవుతుందమ్మా? ముందు బయల్దేరు."

ఫోను పెట్టేశాక ఆవిడకు అంతా అర్థమైపోయింది. మూడేళ్ళ నుంచీ కళ్ళ జబ్బు, తల్లికి చెప్పకుండా దాచడం! తరవాత కళ్ళు తుడుచుకుని ఫ్రిజ్ తలుపు తీసింది. గుడ్ల అర పక్కన చిన్న సీసా ఉంది. తెల్లగా ఉంది, నీలం మూత కూడా ఉంది. ఫ్రిజ్ మీద పడి ఉన్న ప్లాస్టిక్ ముక్క ఒకటి, అదీ తెల్లదే, నీలం మూతదే, ఎందుకూ కొరగాదని ఆవిడే పొద్దున్న తీసి సొరుగులో పడేసింది. ఆ సంగతి ఆవిడకు గుర్తు రాలేదు, రావలసిన అవసరమూ కనిపించలేదు.

పది గంటలకల్లా ఆవిడ ఆసుపత్రి రెండో అంతస్తులో, బల్ల వెనక కూర్చున్న నర్సు ముందు నిలబడి ఉంది.

"మా అబ్బాయికి చుక్కలు తెచ్చానమ్మా. పదిన్నరకి పెద్ద డాక్టరు గారి దగ్గర వాడిదే వంతు."

నర్సు సీసా అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇవి ఉత్త చలవ చుక్కలమ్మా. పెద్ద డాక్టరుగారు చూడాలంటే ముందు వెయ్యాల్సినవి వేరే ఉంటాయి. ఆయనకు వేశారా?"

"వెయ్యలేదు. అదే గదా వాడి ఏడుపు."

"ఏ సార్?"

"అదిగో, వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడే, ఆ తెల్లచొక్కా."

నర్సు ఆ ఉద్యోగంలో పన్నెండేళ్ళుగా ఉంది. వద్దనేవాళ్ళను, పారిపోయేవాళ్ళను, కళ్ళు బిగించుకునేవాళ్ళను వేలల్లో చూసింది. తన బల్ల మీది వేరే మందు సీసా చేతిలో దాచుకుని నేరుగా వెళ్ళింది.

"చుక్కల కోసం చూస్తున్నది మీరేనా, సార్?"

"అవునండీ! వచ్చాయా?" అతని మొహం వెలిగిపోయింది.

"వచ్చాయి. ఇలా కూర్చోండి. ఒక్కసారి పైకి చూడండి."

పైన ఏముందోనని అతను నిజంగానే చూశాడు. కుడి కంట్లో రెండు, ఎడమ కంట్లో రెండు, అతను "అయ్యో" అనేలోపు పడిపోయాయి.

"ఇదేంటండీ!"

"కంగారుపడకండి. పాప పెద్దదవడానికి అరగంట పడుతుంది."

"ఏ పాపండీ? మాకింకా పిల్లల్లేరు!"

"కంటి పాప, సార్. మూడు నాలుగు గంటలు దగ్గరివి కనపడవు, వెలుతురు చూడలేరు. మీ అమ్మగారు ఉన్నారుగా, చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు."

అప్పుడు అతనికి తల్లి కనిపించింది, ఆ పూటకి స్పష్టంగా కనిపించిన ఆఖరి మనిషి ఆవిడే. "అమ్మా, నేనడిగిన చుక్కలు ఇవి కావు! నీ కోడలు రెండు నెలలు కూర్చుని పెట్టినవి!"

"అది నీ కళ్ళలో రెండు నెలలు చుక్కలు పెట్టిందా?"

ఆ మాట నర్సు చెవిన పడింది. "ఏం చుక్కలు? ఎవరు రాసిచ్చారు? పేరు లేని మందులు కళ్ళలో పోయించుకుంటే ఎలా సార్, చదువుకున్నవాళ్ళు!" అంటూ అతన్ని చెయ్యి పట్టుకుని కుళాయి గదిలోకి లాక్కెళ్ళి, పావుగంట సేపు రెండు కళ్ళూ నీళ్ళతో కడిగించింది. అతను నోరు తెరిచి చెప్పబోయినప్పుడల్లా నోట్లోకి నీళ్ళు పోయాయి. పదిన్నరకు మూడు నిమిషాలుండగా, తడిసిన చొక్కాతో, ఆసుపత్రి వాళ్ళిచ్చిన నల్లటి అట్ట కళ్ళజోడుతో, తల్లి భుజం పట్టుకుని అతను సమావేశం గదిలోకి అడుగుపెట్టాడు. దారిలోనే చుక్కలంటే ఏమిటో తల్లికి చెప్పాడు. ఆవిడ, "ఫ్రిజ్ మీద ఉన్న ఆ ముక్కేనా? భద్రంగానే ఉందిలే" అంది.

గదిలో పొడుగాటి బల్ల చుట్టూ అయిదుగురు డాక్టర్లున్నారు. నడుమ పెద్ద డాక్టరు, ఎదుట మూసిన కవరు.

"మీకిచ్చిన నమూనాల్లో ఈ ఫొటోలోని కణాలు నేనే చేత్తో లెక్కపెట్టి కవర్లో పెట్టాను. మీ ప్రోగ్రాము ఏమంటుందో చూద్దాం" అన్నాడాయన. నల్ల కళ్ళజోడు వంక చూసి, "మీకు కనిపిస్తోందా?" అని అడిగాడు.

"లేదండీ."

"చుక్కల ఫైలు?"

"అదీ లేదండీ."

"నేను రెండుసార్లు చెప్పింది ఇదేనయ్యా. ఇది మీరొక్కరే నడపగల యంత్రం. మీ కళ్ళు బాగుంటేనే నడుస్తుంది. మా సిబ్బందికి దీంతో ఏం పని?" ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఒక్క నిమిషం కూర్చోండి" అంది టీచరమ్మ.

పదకొండేళ్ళ పాటు ఉదయం ప్రార్థన దగ్గర అయిదొందల మందిని నిలబెట్టిన గొంతు అది. పెద్ద డాక్టరు కూర్చున్నాడు.

"తేలేదు సరే, పెట్టడానికేం? ఏరా, ఎక్కడ నొక్కాలి?"

"అమ్మా, ఒక్కో కణం సరిగ్గా మధ్యలో..."

"మధ్య అంటే నాకు తెలీదా! నొక్కడం చెప్పు."

ఆవిడ బల్ల మీది కంప్యూటరు మౌసు పట్టుకుంది. కొడుకు కళ్ళు మూసుకుని ఏ మీట ఎక్కడుందో జ్ఞాపకం మీద చెబుతుంటే, ఆవిడ గోడ మీద పెద్దదిగా పడుతున్న బూడిదరంగు ఫొటోలో చుక్క తరవాత చుక్క పెట్టుకుంటూ పోయింది. ఊరికే ఉండలేక డాక్టర్లకు పాఠమూ మొదలెట్టింది.

"మా బడి ఆవరణలో ఆరు కుళాయిలుండేవి. పిల్లలంతా ఒక్కదాని మీదే పడి కొట్టుకునేవాళ్ళు. ఒకరోజు సుద్దముక్క పట్టుకుని, ప్రతి రెండు కుళాయిలకీ సరిగ్గా మధ్యన గీత గీశాను. గీతకి ఇటున్నవాడు ఇటు, అటున్నవాడు అటు. ఆరు కుళాయిలకీ ఆరు గళ్ళొచ్చాయి. వీడు చేయించేదీ అదే. చుక్క కుళాయి, గడి దాని ఇలాకా. ఇంతకీ ఇంత పెద్ద మాటలతో దీన్ని ఎందుకు చుట్టావు రా?"

మూడేళ్ళలో మొదటిసారి ఆ బల్ల చుట్టూ అయిదు తలలూ ఒకేసారి ఊగాయి.

చివరి చుక్క పడగానే కొడుకు చెప్పిన మీట నొక్కింది. ఫొటో మీద గీతలు పాకి, గళ్ళు కట్టి, అతిగా సాగినవి మూడు ఎర్రబడ్డాయి. మూలన అంకె పడింది: నూట పన్నెండు.

పెద్ద డాక్టరు కవరు చించాడు. "సాగినవి మూడూ సరే. కానీ నాది నూట పదకొండు."

టీచరమ్మ గోడ వైపు వేలు చూపించింది.

"మళ్ళీ లెక్కపెట్టండి."

"నేను ముప్ఫై ఏళ్ళుగా ఇదే..."

"ఎన్నేళ్ళయితేనేం బాబూ, ఒకటి పోయిందంటే పోయిందే. వేలు పెట్టి, పైకి చదువుతూ లెక్కపెట్టండి."

ఆయన లేచి, గోడ దగ్గరికి వెళ్ళి, వేలు పెట్టి, ఒకటీ రెండూ అంటూ మొదలెట్టాడు. ఎనభై ఏడు దాటాక ఒకచోట ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ సాగాడు. ఆఖరున ఆయన గొంతు బాగా తగ్గిపోయింది. "నూట పన్నెండు."

"శభాష్" అంది టీచరమ్మ.

ఆ సాయంత్రానికి కొడుకు చూపు కుదుటపడింది. అతని కళ్ళకు ఆనిన మొదటి అక్షరాలు ఆసుపత్రి నుంచి వచ్చిన సందేశానివి. ప్రోగ్రాము తీసుకుంటున్నారు. అంతకు ముందెన్నడూ దాన్ని చూడనివాళ్ళు కూడా నడపగలరని రుజువైనందుకు చాలా సంతోషించారు. సిబ్బందికి నేర్పడానికి వారానికి రెండు రోజులు అమ్మగారిని పంపగలరు, మీరు రానక్కర లేదు అని కింద రాసి ఉంది. చూపు ఇంకా తేరుకోలేదేమోనని అతను ఆఖరి ముక్క మరోసారి చదివాడు. చూపు బాగానే ఉంది.